ఎన్నికలలో చెప్పుడు మాటలు

ఉమ్మడి కుటుంబములను చెఱచినవి పెద్ద తగవులు కావు, చెప్పుడు మాటలు. పెద్దకోడలి చెవిలో ఒక మాట, చిన్నకోడలి చెవిలో మఱియొక మాట, మామగారి చెవిలో ఈ రెంటికిని పొసగని మూడవ మాట చెప్పువాడు ప్రతివారితోను అబద్ధమే ఆడనక్కరలేదు. ఎవరికి ఏ మాట నొప్పి కలిగించునో, ఎవరికి ఏ మాట భయము పుట్టించునో యెఱిగి, ఆ యొక్క మాటను ఏరి వారికి వినిపించిన చాలును. అందఱును కూర్చున్న పంక్తిలో ఆ మూడు మాటలను పలికినచో అతని గుట్టు ఆ క్షణముననే బయటపడును. కావున చెప్పుడు మాటకు ప్రాణము అబద్ధము కాదు, చాటు.

ఈ సంగతి ఇండ్లకే కాక రాజ్యములకును వర్తించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు ఎన్నికల ప్రచారము జరుగుచున్న తీరును చూచినవారికి ఒక ప్రశ్న తోచక మానదు. వోటరు వయస్సును, జాతిని, చదువును, ఆదాయమును, అభిరుచులను లెక్కగట్టి, అతని చేతిలోని ఫోనులోనికి, అతని వంటివారికి మాత్రమే కనబడునట్లు, అతనికి తగిన మాటను ఏరి పంపుట ధర్మమా? ఇది యంత్రములకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును. విచారించినచో ఇది మాటకు సంబంధించిన ప్రశ్నయే.

ప్రజాపాలనమున రెండు కార్యములు కలవు. పదవిని కోరువాడు ప్రజలతో మాటలాడుట యొకటి. ప్రజలు తమ తీర్పును చెప్పుట రెండవది. మొదటిది బహిరంగముగాను, రెండవది రహస్యముగాను జరుగవలెను. నేడు మనకు ఇది సహజమని తోచును గాని, అమెరికనులు దీనిని ఒక్కనాట సాధింపలేదు.

ఆ దేశమున మొదటి దినములలో పెక్కు చోట్ల వోటరు అధికారుల యెదుట నిలిచి, తాను కోరినవాని పేరును నోటితో పైకి చెప్పవలసి యుండెను. కెంటకీ రాష్ట్రమున ఈ యాచారము 1891వ సంవత్సరము వఱకు నిలిచియుండెను. ఇతర స్థలములలో కాగితపు చీటీలు వచ్చినను, వానిని పార్టీలవారే అచ్చువేయించి పంచుచుండిరి. చీటీ రంగును బట్టియే ఎవడు ఎవరికి వేయుచున్నాడో దూరమున నిలిచినవారికి సహితము తెలియుచుండెను. యజమాని చూచుచుండగా కూలివాడును, భూస్వామి చూచుచుండగా కౌలుదారును స్వేచ్ఛగా ఎట్లు వోటు వేయగలరు? అభ్యర్థులందఱి పేర్లతో ఒక్క తీరు చీటీని ప్రభుత్వమే అచ్చువేసి, తెర మఱుగున గుర్తు పెట్టించు పద్ధతి ఆస్ట్రేలియాలో 1856లో మొదలయ్యెను. 1888లో కెంటకీలోని లూయివిల్ నగరమువారును, మసాచుసెట్సు రాష్ట్రమువారును దానిని గైకొనిరి. కొలది యేండ్లలో అది దేశమందు చాలవఱకు వ్యాపించెను.

జాన్ స్టూవర్టు మిల్లు వంటి స్వాతంత్ర్యప్రియుడే 1861లో ప్రాతినిధ్య ప్రభుత్వమును గుఱించి వ్రాసిన గ్రంథమున రహస్యపు వోటును ఖండించెను. వోటు సొంత ఆస్తి కాదు. లోకుల మేలు కొఱకు మన చేతిలో నుంచబడిన న్యాసము. న్యాసమును నలుగురి కన్నుల యెదుట వినియోగింపవలెనని అతని వాదము. వాదము గొప్పదే. కాని లోకానుభవము వేఱు తీర్పు చెప్పినది. బలవంతుడు బలహీనుని నిలదీయగల చోట బహిరంగత బలవంతునికే ఆయుధమగును. చాటు బలహీనునికి రక్షణ కావలెను. వెలుగు బలవంతునిపై పడవలెను. రహస్యపు వోటు వెనుక నున్న ధర్మసూక్ష్మమింతియే.

ఇక మాట సంగతి. 1858లో ఇల్లినాయ్ రాష్ట్రమున సెనేటు పదవి కొఱకు పోటీపడుచు లింకన్, డగ్లసులు ఏడు చోట్ల జనుల యెదుట వాదించిరి. ఆ రాష్ట్రపు ఉత్తర భాగమున బానిసత్వమును ద్వేషించువారు హెచ్చు. దక్షిణ భాగమున నల్లజాతివారి సమానత్వమను మాటనే సహింపనివారు హెచ్చు. లింకన్ ఉత్తరమున ఒక మాటయు, దక్షిణమున మఱియొక మాటయు చెప్పుచున్నాడని డగ్లసు నింద మోపెను. తన ప్రసంగములన్నియు అచ్చుపడి రాష్ట్రపు రెండు కొనలవారును చదువుదురని తనకు మొదటినుండియు తెలియునని లింకన్ గేల్స్‌బర్గులో బదులు చెప్పెను. ఆ నిందలో కొంత నిజము లేకపోలేదు. చికాగోలో అతడు పలికిన స్వరము వేఱు, చార్లెస్టనులో పలికిన స్వరము వేఱు. కాని డగ్లసు ఆ నింద మోపగలిగినది ఎట్లు? రెండు ప్రసంగములును పత్రికలలో పడినవి గనుక. లింకనంతటివాడే వినువారిని బట్టి స్వరము మార్చినప్పుడు, మనుష్యుని మాటపై నిలుపునది అతని సద్గుణమొక్కటియే కాదనియు, తన మాటను అందఱును విందురను ఎఱుక కూడ దానికి తోడు కావలెననియు మనము గ్రహింపవలెను.

ఇట్లనుటచే జనులను లెక్కించుటయే దోషమని తలపరాదు. 1787 నాటి అమెరికా రాజ్యాంగము బానిసను ప్రాతినిధ్యపు లెక్కలో మనిషిలో అయిదింట మూడువంతులుగా గణించెను. వోటు మాత్రము ఇయ్యలేదు. అది లెక్క తప్పు కాదు, లెక్కించినవారి మనస్సు తప్పు. తరువాత జాతిభేదము వోటు హక్కునకు అడ్డు కారాదని 1870లోను, స్త్రీత్వము అడ్డు కారాదని 1920లోను, పదునెనిమిదేండ్లు నిండినవారికి వయస్సు అడ్డు కారాదని 1971లోను రాజ్యాంగమును సవరించిరి. లెక్కకు ఎక్కనివారు లెక్కకు ఎక్కుటయే ఆ చరిత్రలోని శుభభాగము.

లెక్క అహంకారమును కూడ అణచును. 1936లో లిటరరీ డైజెస్టు అను పత్రికవారు కోటిమందికి చీటీలు పంపి, ఇరువది లక్షలకు పైగా జవాబులు తెప్పించుకొని, లాండన్ గెలుచునని చాటిరి. వారు పేర్లను చాలవఱకు టెలిఫోను పట్టికలనుండియు, మోటారుకార్ల యజమానుల పట్టికలనుండియు గ్రహించిరి. ఆ కఱవు దినములలో టెలిఫోనును కారును లేని పేదలు వారి దృష్టికి రాలేదు. రూజువెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. ఎన్నో రెట్లు తక్కువమందిని, అన్ని తరగతులనుండి ఏరి అడిగిన గాలప్ ఫలితమును సరిగా నూహించెను. పేదవాడు కూడ దేశమేయని ఆనాడు గణితశాస్త్రము పెద్దలకు పాఠము చెప్పెను.

నేటికిని లెక్క ఇట్టి పాఠములు చెప్పుచున్నది. 2020 అధ్యక్ష ఎన్నికలో 65 మొదలు 74 ఏండ్ల వఱకు వయస్సు గల పౌరులలో నూటికి 76 మంది వోటు వేయగా, 18 మొదలు 24 వఱకు గలవారిలో 51 మంది మాత్రమే వేసినట్లు ఆ దేశపు జనగణనశాఖవారు తేల్చిరి. చదువు హెచ్చినకొలది వోటు వేయువారును హెచ్చుచున్నారు. 2000లో అఱువదియైదు దాటిన వృద్ధులలో ఇంటర్నెట్టు వాడువారు నూటికి పదునాల్గుగురు. 2021 నాటికి డెబ్బదియైదుగురు. ఈ సంగతులు తెలిసినవాడు, ఎవరికి ఉత్తరము వ్రాయవలెనో, ఎవరికి ఫోనులో సందేశము పంపవలెనో, ఎవరి వీధికి స్వయముగా పోవలెనో తెలిసికొనును. ఇందు తప్పేమున్నది?

1960లో సిమల్‌మాటిక్సు అను సంస్థవారు పూర్వపు ప్రజాభిప్రాయ సేకరణలను కంప్యూటరుకు ఎక్కించి, అమెరికా వోటర్లను 480 తరగతులుగా విభజించిరి. ఆ లెక్కలను కెన్నెడీ పక్షమువారికి అందించిరి. కెన్నెడీ క్యాథలిక్కు మతస్థుడు; ఆ మతస్థుడు అంతవఱకు అధ్యక్షుడు కాలేదు. మతవిషయమును దాచుటకంటె బహిరంగముగా ఎదుర్కొనుటయే మేలని ఆ సంస్థవారి నివేదిక సూచించెను. ఆ సెప్టెంబరు 12న కెన్నెడీ హ్యూస్టనులో ప్రొటెస్టెంటు మతబోధకుల యెదుట నిలిచి, టెలివిజనులో జనులు చూచునట్లు ఆ విషయమును మాటలాడెను. నివేదికయే దానికి కారణమని చెప్పలేము. కాని లెక్కలు మనుష్యుని వెలుగులోనికి పొమ్మని కూడ చెప్పగలవని దీనివలన తెలియుచున్నది. తరగతులుగా విభజించిన తరువాత కూడ అభ్యర్థి అందఱితో ఒక్క నోట మాటలాడినచో, విభజనము కేవలము ఎఱుక. అది మోసము కాదు.

మాఱినది ఇకమీదటనే. ఆ దేశమున వోటర్ల పట్టికలలో ఎవడు ఎవరికి వేసెనో ఉండదు గాని, ఏయే ఎన్నికలో వేసెనో, వేయలేదో ఉండును. పెక్కు రాష్ట్రములలో ఏ పార్టీవాడుగా నమోదైనాడో కూడ ఉండును. పార్టీలవారు వీనిని పొంది, వ్యాపారసంస్థలు అమ్ము వివరములతో జోడించి, ఒక్కొక్క వోటరునకు ఒక్కొక్క అంకెను కట్టుదురు. 2012లో ఒబామా పక్షమువారు ఫేస్‌బుక్ ద్వారా తమ అనుచరుల స్నేహితుల జాబితాలను ఈ లెక్కలతో సరిపోల్చి, ఎవరు ఎవరిని పలుకరింపవలెనో సూచించిరి. నాడు పెక్కుమంది దీనిని నేర్పని మెచ్చుకొనిరి. ట్రంపు పక్షమునకు 2016లో పనిచేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా సంస్థకు ఎనిమిది కోట్ల డెబ్బది లక్షలమంది వఱకు ఫేస్‌బుక్ వాడుకదారుల వివరములు అనుచితముగా చేరియుండునని 2018లో బయటపడినప్పుడు లోకము ఉలిక్కిపడెను. రెంటికిని భేదము లేకపోలేదు. కాని మనవారు చేసిన నేర్పు, పరులు చేసిన ద్రోహము అను తీర్పు ధర్మవిచారము కాదు.

కేంబ్రిడ్జ్ అనలిటికావారి మనస్తత్వపు బాణములు నిజముగా గుఱి తాకినవా అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఐనను బాణము తప్పిపోయినంతమాత్రమున విలుకాని ఉద్దేశము శుద్ధము కాదు. ఆ ఉద్దేశమును చూడుడు. 2016 ఎన్నికకు కొలది దినములు ముందుగా ట్రంపు పక్షపు ఉన్నతోద్యోగి యొకడు, ప్రత్యర్థికి అనుకూలురగు మూడు తరగతులవారు వోటు వేయకుండునట్లు చేయు యత్నములు సాగుచున్నవని బ్లూంబర్గు పత్రికవారితో చెప్పెను. ఆ తరగతులలో నల్లజాతివా రొకరు. ముప్పదియైదు లక్షలమంది నల్లజాతి వోటర్లు ఆ పక్షపు పట్టికలో 'నిరోధము' అను శీర్షిక క్రింద నుండిరని 2020లో బ్రిటనులోని చానల్ 4 వారు ప్రకటించిరి. ట్రంపు పక్షమువారు దానిని కొట్టివేసిరి. అదే ఎన్నికలో రష్యానుండి సామాజిక మాధ్యమముల ద్వారా సాగిన రహస్యప్రచారము అన్నిటికంటె హెచ్చుగా నల్లజాతి అమెరికనులనే గుఱిచేసికొన్నదని అమెరికా సెనేటు సంఘము 2019లో తేల్చెను. 2024 జనవరిలో న్యూహాంప్‌షైరు రాష్ట్రపు వోటర్లకు టెలిఫోనులు వచ్చెను. వినబడినది అధ్యక్షుడు బైడెన్ కంఠము. చెప్పిన మాట, ఈ ప్రాథమిక ఎన్నికలో వోటు వేయక నవంబరునకు దాచుకొనుడని. ఆ కంఠము కృత్రిమబుద్ధి సృష్టించినది.

నల్లజాతివానికి 1870లో కాగితముపై వచ్చిన హక్కు చేతికి అందుటకు 1965 నాటి వోటుహక్కు చట్టము కావలసివచ్చెను. ఆ నడిమి కాలమున పన్నుల పేరను, అక్షరజ్ఞాన పరీక్షల పేరను, కొన్నిచోట్ల ప్రాణభీతిచేతను అతనిని వోటుశాల గుమ్మము కడనే త్రిప్పిపంపిరి. గుమ్మము కడ అడ్డుపడినవానిని చూపి న్యాయస్థానములో వాదింపవచ్చును. ఇప్పుడు అడ్డు అఱచేతిలోనికి వచ్చినది. ఎందఱును ఒక్కటే, వోటు వేసిన లాభమేమి అను నిరాశను అతనికి నూరిపోసి, అతని చేతనే అతని తలుపు మూయించుట దీని పద్ధతి. ఒప్పించుటకు యత్నించువాడు ఎదుటివానిని మనుష్యునిగా గౌరవించును. ఇంట కూర్చుండబెట్టుటకు యత్నించువాడు అతనిని త్రోవలోని రాయిగా ఎంచును.

దీనికి మూడు సమాధానములు చెప్పువారు కలరు. వినువాని యోగ్యతను బట్టి చెప్పుమని మన పెద్దలును బోధింపలేదా, అధికారిభేదమును పాటింపని గురువు గురువా అని మొదటివారందురు. నిజమే. కాని గురువు మార్చునది చెప్పు తీరును, చెప్పు విషయమును కాదు. బాలునికి కథగా చెప్పినదానినే ప్రౌఢునికి తర్కముగా చెప్పును. బాలునికి చెప్పినదానిని ప్రౌఢుడు వినినను గురువు సిగ్గుపడడు. 2020లో బైడెన్ పక్షమువారు తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ప్రచారము చేసిరి. ఇంగ్లీషులో చెప్పినదానినే తెలుగులో చెప్పినచో అది అధికారిభేదము. ఇంగ్లీషువారు వినరాని వాగ్దానమును తెలుగులో చేసినచో అది చెప్పుడు మాట. ఇతరుల హక్కులను తాకు కార్యము వెనుకనున్న ఉద్దేశమును బయట పెట్టినంతనే ఆ కార్యము చెడిపోవునట్లైన, ఆ ఉద్దేశము అధర్మమని క్యాంటు 1795లో శాశ్వతశాంతిని గుఱించి వ్రాసిన ప్రబంధమున తేల్చెను. ఈ విషయమున అంతకంటె సులభమైన గీటురాయి మఱియొకటి లేదు.

పూర్వమును పార్టీవారు ఇంటింటికి తిరిగి ఏకాంతముగా చెప్పలేదా అని రెండవవారందురు. చెప్పిరి. కాని గుమ్మములోనికి వచ్చినవానికి ముఖము కలదు. అతనిని ఎదురు ప్రశ్నింపవచ్చును. పొరుగింట ఏమి చెప్పెనో విచారింపవచ్చును. మఱునాడు సంతలో పట్టుకొని నిలదీయవచ్చును. ఫోనులోని మాటకు ముఖము లేదు, పొరుగిల్లు లేదు, మఱునాడు లేదు.

ఈ సాధనములవలన వోటు వేయువారు పెరుగుదురు గదా యని మూడవవారందురు. ఇది బలమైన మాట. 2010లో ఫేస్‌బుక్‌వారు ఆఱుకోట్ల పది లక్షలమందికి ఎన్నికల నాడు ఒక సందేశమును చూపగా, దానివలన దాదాపు మూడు లక్షల నలువదివేల వోట్లు అదనముగా పడినవని పరిశోధకులు 2012లో అంచనా కట్టిరి. అధిక ప్రభావము చూపినది, వోటు వేసిన స్నేహితుల ముఖములతో కూడిన సందేశము. 2006లో మిషిగను రాష్ట్రమున, పొరుగువారు వోటు వేసిరో లేదో తెలుపు ఉత్తరమును కొన్ని కుటుంబములకు పంపగా, వారిలో వోటు వేసినవారు నూటికి ముప్పదినుండి ముప్పదియెనిమిది వఱకు పెరిగిరి. ఫలము మంచిదే. కాని ఇరుగుపొరుగుల కన్ను తమపై నున్నదను జంకు ఆ మేలునకు మూలమని మఱువరాదు. అంతేకాదు, ఆఱుకోట్లమందికి చూపగలవాడు, తలచిన యెడల ఒక్క పక్షమువారికే చూపవచ్చును. చూపెనో లేదో మనకు తెలియదు. మేలు చేయు శక్తికి సైతము లెక్క అడుగువారు ఉండవలెను.

ఇప్పుడు మొత్తమును కలిపి చూతము. రహస్యముగా నుండవలసిన వోటరు నేడు బహిరంగుడైనాడు. అతని వయస్సును, జాతిని, భయములను, స్నేహితులను పార్టీవారెఱుగుదురు. బహిరంగముగా నుండవలసిన అభ్యర్థి మాట నేడు రహస్యమైనది. తెర తీసి వోటరు ముందునుండి అభ్యర్థి ముందు వేసిరి. వోటుపెట్టె ఇప్పటికిని రహస్యమే. కాని ఆ పెట్టెకడకు వచ్చు మనస్సును అంతకు ముందే తెఱచి చూచినవారు కలరు.

చట్టములు కొంత మేలు చేయుచున్నవి. రాజకీయ ప్రకటనలను ఎల్లరు చూచుటకు ఫేస్‌బుక్‌వారు 2018లో ఒక భాండారమును తెఱచిరి. ఎన్నికల ప్రకటనలకు వయస్సు, లింగము, పోస్టల్ కోడు వఱకు ప్రాంతము తప్ప ఇతర గుఱులు పెట్టరాదని గూగుల్‌వారు 2019లో నియమము చేసిరి. కృత్రిమ కంఠముతో అనుమతి లేక చేయు టెలిఫోను సందేశములు చట్టవిరుద్ధములని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో తీర్మానించి, న్యూహాంప్‌షైరు పన్నుగడ వెనుకనున్నవానికి అఱువది లక్షల డాలర్ల జరిమానా విధించెను. కాని భాండారము తెఱచియున్నంతమాత్రమున చదువువారు ఉండవలెను గదా! వ్యాపారసంస్థ తనకు తాను పెట్టుకొన్న నియమము ధర్మశాసనము కాదు. పెట్టుకొన్నవారే దానిని తీసివేయవచ్చును.

కావున శేషించిన పని గృహస్థులది. ఇది అమెరికనులకే కాక, ఫోను చేత పట్టుకొని వోటు వేయు ప్రతి దేశమువారికిని చెందును. ఎన్నికల దినములలో మన ఒక్కరి కొఱకే వచ్చినట్లు తోచు సందేశమును, మన కోపమునకు గాని భయమునకు గాని సరిగా కొలిచి కుట్టినట్లున్న మాటను, ఒంటరిగా చదివి ఒంటరిగా నమ్మరాదు. దానిని ఇంటిలో పైకి చదువవలెను. కుమారునికి వచ్చినదేమో, అత్తగారికి వచ్చినదేమో, పనిచేయు ఆమెకు వచ్చినదేమో అడిగి పక్కపక్కన పెట్టి చూడవలెను. ఇల్లినాయ్‌లో ఆనాడు వార్తాపత్రికలు చేసిన పని ఇదియే. పక్కపక్కన పెట్టినపుడు ఒక్కటిగా నిలిచిన మాటను విచారింపవచ్చును. నిలువని మాటను పంపినవానిని వోటు అడుగుటకు అర్హుడు కాడని త్రోసివేయవచ్చును. ఆ పిమ్మట ఎవరికి వేయుదుమో ఎవరికిని చెప్పనక్కరలేదు.